మా తమ్ముడు దుబాయ్‌లో లేడు

ఇందులో ఎవరి పేరూ రాయను. తమ్ముడి పేరు రాయను, ఆ దేశం పేరు రాయను, ఆఫీసు పేరు రాయను. రాస్తే నాకేమీ కాదు, నా వయసుకు నన్ను ఎవరేం చేస్తారు? కానీ లోపల ఇంకా మనుషులున్నారు. వాళ్ల కాయితాలు ఇంకా ఎవరి బల్ల మీదనో ఉన్నాయి.

నాకు చదువు ఆలస్యంగా వచ్చింది. పొదుపు సంఘంలో వేలిముద్ర వేసి వేసి విసుగొచ్చి, యాభై దాటాక అక్షరాలు పట్టుకున్నాను. అందుకే నా రాత పొట్టిగా ఉంటుంది. చెప్పాల్సింది చెప్పి ఆగిపోతాను.

మాది అచ్చంపేట దిక్కు. గొర్రెల ఇల్లు. మా నాయిన, వాళ్ల నాయిన, ఎండలు ముదరగానే మందను తోలుకొని అమ్రాబాద్ అడవిలోకి పోయేవాళ్లు, వానలు పడ్డాక తిరిగొచ్చేవాళ్లు. తెలంగాణ వచ్చేనాటికే ఆ దారి మూసుకుపోతూ వచ్చింది. పులుల అడవి అన్నారు, మంద అడుగు పెడితే కేసు అన్నారు. ఊళ్లో బీళ్లన్నీ పత్తి చేన్లయ్యాయి. ఇక గొర్రె ఎక్కడ మేయాలి? తమ్ముడు కొన్నాళ్లు తండ్లాడి మందను అమ్మేశాడు. అమ్మిన మనిషి ఊరికే కూర్చోలేడు. ఏజెంటు ఒకడు వచ్చి, ఎడారి దేశంలో గొర్రెలు కాసే పని ఉంది, నీకు తెలిసిన పనే కదా అన్నాడు. తమ్ముడికి అప్పటికే షుగరు. నేను వద్దన్నాను.

"అక్కా, ఈడ గొర్రెలున్నోనికి అడివి లేదు. ఆడ అడివితోని పనే లేదట. లారీల తెచ్చి దాణా పోస్తరట, ట్యాంకర్ల నీళ్లు తెస్తరట," అని నవ్వాడు.

"మరి నడుమ నువ్వెందుకురా?"

"గొర్రెలకు తోడు."

అట్లా పోయాడు. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, మా ఇంటి పక్క ఇంట్లోనే ఉండేది. ఊరు ఆమెను 'దుబాయామె' అని పిలవడం మొదలుపెట్టింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా దిక్కు ఎవరు ఏ ఎడారి దేశం పోయినా దుబాయ్ పోయాడనే అంటాం. మస్కట్ పోయినవాడూ, కువైట్ పోయినవాడూ, సౌదీ పోయినవాడూ, అందరూ దుబాయ్ పోయినవాళ్లే. వాళ్లు తెచ్చిన సబ్బు దుబాయ్ సబ్బు, దుప్పటి దుబాయ్ దుప్పటి. మా తమ్ముడు పోయింది దుబాయ్ కాదు. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసీ దుబాయ్ అనే అనేవాళ్లం.

అక్కడ యజమానిని కఫీల్ అంటారు. తమ్ముడి పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండేది. మొదట్లో బాగానే గడిచింది. తర్వాత కాలికి ఏదో గుచ్చుకుంది. షుగరున్న కాలు. పుండు మానలేదు. దవాఖానకు తీసుకుపొమ్మంటే కఫీల్ రేపు అన్నాడు, ఆ రేపు రాలేదు. తమ్ముడు ఒక నీళ్ల ట్యాంకర్ ఎక్కి అక్కడి పట్నానికి పారిపోయాడు. అట్లా యజమానిని విడిచి, కాయితాలు లేకుండా తిరిగేవాడిని అక్కడ ఖల్లివల్లి అంటారట. ఖల్లివల్లి మనిషిని దవాఖానలో చేర్చుకోరు. చివరికి తనే పోయి పోలీసుల ముందు నిలబడ్డాడు, ఇంటికి పంపండి అని.

వాళ్లు పంపలేదు. లోపల పెట్టారు.

పంపాలంటే రెండు కావాలి. ఈ మనిషి మా వాడే అని మన దేశం కాయితం ఇవ్వాలి, దాన్ని ఔట్‌పాస్ అంటారు. గడువు దాటి ఉన్నందుకు పడ్డ జరిమానాను ఆ దేశం మాఫీ చేయాలి. ఆ జరిమానా రోజురోజూ పెరుగుతుంది. లోపల ఉన్న రోజులకు కూడా పెరుగుతుంది. ఈ ముక్క నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బయటికి పోనివ్వరు, పోనందుకు జరిమానా వేస్తారు.

లోపల ఉన్నవాళ్లకు శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ ఇచ్చేవాళ్లు. మరదలు మాట్లాడితే ఏడుస్తుందని నాకే చేసేవాడు.

"ఎట్లున్నవ్ తమ్మీ?"

"మంచిగున్న."

"కాలు?"

"ఉన్నది."

"ఉన్నదంటే ఏందిరా?"

"రెండున్నయక్కా. ఒకటి జర వాసనొస్తాంది."

మరదలు పక్కనే నిలబడి నా ముఖం చూసేది. మంచిగనే ఉన్నాడంట అని చెప్పేదాన్ని కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని. ఆమెకు తెలియాలి. ఆ కాలు పాడయ్యేలోపు మనిషి రావాలి. మాకు అప్పుడున్న పని అదొక్కటే.

ఇక్కడ మన పట్నంలో అట్లాంటి వాళ్ల సంగతి చూసే సర్కారు ఆఫీసు ఉందని ఎవరో చెప్పారు. నేనూ మరదలూ బస్సెక్కాం. దారిలో అడిగింది.

"వదినె, అది జైలా?"

"జైలు కాదట. పంపేదాంక ఉంచే జాగా అట."

"మరేందది?"

"బందెలదొడ్డి అనుకో."

బందెలదొడ్డి ఇప్పటి పిల్లలకు తెలియదు. ఎవరి చేన్లోనో పడ్డ పశువును పంచాయతీవాళ్లు తోలుకుపోయి ఒక దొడ్లో కట్టేసేవాళ్లు. సొంతదారు వచ్చి, ఇది నాదే అని ఒప్పించి, జరిమానా కట్టి విడిపించుకోవాలి. ఆలస్యమైనకొద్దీ మేత ఖర్చు కూడా మీద పడుతుంది.

"ఎవ్వలూ విడిపించుకోనీకె రాకుంటే?" అంది.

"వేలమేస్తరు," అన్నాను. నా నోరు ఆగదు.

బస్సు కల్వకుర్తి దాటింది, కడ్తాల్ దాటింది, పట్నం వచ్చింది. ఆమె కిటికీ చువ్వను పట్టుకున్న చెయ్యి తీయలేదు.

ఆఫీసులో ఒక పెద్ద గది. బల్లలు చాలా ఉన్నాయి, మనుషులు తక్కువ. ఖాళీ కుర్చీల మీద కూడా కాయితాల కట్టలు కూర్చున్నాయి. మా వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. కిటికీ అవతల ఒక అమ్మాయి, మా మరదలి వయసుంటుంది, తలెత్తకుండా అడుగుతూ కంప్యూటరు మీటలు నొక్కుతూ పోయింది. పేరు. తండ్రి పేరు. ఊరు.

"ఎక్కడున్నాడు?"

"దుబాయ్‌ల, మేడం," అంది మరదలు.

ఆ మాట నా చెవికి తప్పుగా తగలలేదు. ఊళ్లో అందరూ అనే మాటే. అమ్మాయి మీట నొక్కింది. ఒక చిన్న చిట్టీ ఇచ్చింది. ఇంగ్లీషులో ఉంది. నాకు వచ్చినవి తెలుగు అక్షరాలు మాత్రమే. భద్రంగా మడిచి కొంగున కట్టుకున్నాను.

తర్వాత పోలీసు విచారణ. అది మొదట మహబూబ్‌నగర్ పోయింది. కొత్త జిల్లాలు చేశారు కదా, పాస్‌పోర్టు మీద పాత జిల్లా, ఊరేమో కొత్త జిల్లాలో. ఈ ఊరు మాది కాదు అని అక్కడివాళ్లు వాపసు కొట్టారు. ఊరు ఎక్కడికీ కదలలేదు. మా ఇంటి గోడ ఉన్నచోటే ఉంది. మళ్లీ తిరిగి తిరిగి, ఒకనాడు కానిస్టేబుల్ ఒకాయన మోటార్ సైకిల్ మీద వచ్చాడు. మంచినీళ్లు తాగాడు. తమ్ముడి ఫొటో చూపించి, "ఈయన మీ మనిషేనా?" అన్నాడు.

"మా మనిషి కాకుంటే గిన్ని దినాలు ఎందుకు తిరుగుతం సారూ?" అన్నాను.

"నాకెందుకు కోపం జేస్తవ్ పెద్దమ్మా, అడగమన్నరు, అడిగిన."

కోపం చేసి లాభం లేదు. ప్రతి వాడూ వాడికి చెప్పింది చేస్తున్నాడు. నాకు భయం పుట్టింది అక్కడే. దుర్మార్గుడు ఒకడు కనబడితే వాడి కాళ్లో గల్లానో పట్టుకోవచ్చు. ఇక్కడ ఎవరూ లేరు.

శుక్రవారాలు గడిచాయి. తమ్ముడి మాటలు తగ్గాయి. ఒక శుక్రవారం వేరే గొంతు వచ్చింది. "అక్కా, నేను తిరుమలగిరోన్ని, నల్లగొండ దిక్కు. మీ తమ్మునికి జరమొచ్చింది, లేస్తలేడు. గందుకే నేను జేసిన." ఆయన సాలెల ఇంటివాడు. మగ్గం మీద బతుకు సాగక, ఒక కంపెనీలో ఊడ్చే పనికి పోయాడు. కంపెనీ మూతపడింది, పాస్‌పోర్టు దాంతోపాటే పోయింది. తమ్ముడి పక్క మంచం ఆయనది. తన లుంగీ చించి తమ్ముడి కాలికి కట్టు కట్టేవాడట, మరుగుదొడ్డికి వీపు మీద మోసేవాడట. "మీ కాయితం ఎక్కడిదాంక వచ్చిందక్కా?" అని అడిగాడు. వస్తాందంట అని చెప్పాను. ఆఫీసువాళ్లు నాకు చెప్పింది అదే.

మళ్లీ పట్నం పోయాం. అదే గది, అదే అమ్మాయి. చిట్టీ చూసి చాలాసేపు తెర మీద వెతికింది. తర్వాత తల పైకెత్తి మా ముఖాలు చూసింది. అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"అమ్మా, అక్కడి నుంచి జవాబు వచ్చింది. ఆయన లేడంట."

మరదలు నిలబడ్డచోటనే కూలబడింది. అరవలేదు మొదట. నేల మీద కూర్చొని, గాజులున్న చేతిని నేలకేసి కొట్టింది. ఒకసారి కాదు. గాజు ముక్క గుచ్చుకొని రక్తం వచ్చాక అరిచింది. గది అంతా లేచి నిలబడింది. మన భాషలో లేడు అంటే ఏమిటో ఏ ఆడదానికైనా తెలుసు. ఆ మాటకు రెండో అర్థం వెతికే తీరిక ఎవరికి ఉంటుంది?

కానీ మొన్న శుక్రవారమే ఫోన్లో వాడి దగ్గు విన్నాను. కిటికీ చువ్వలు పట్టుకున్నాను.

"లేడంటే? ఎప్పుడు?"

"ఎప్పుడేంటమ్మా, లేడు. ఆ పేరుతో ఎవరూ లేరని రాశారు. ఫైలు మూసేశారు."

"ఎక్కడ లేడు బిడ్డా? ఏ ఊర్ల లేడు?"

"దుబాయ్‌లో."

"దుబాయ్‌ల ఎందుకుంటడు? ఆయన పోయింది దుబాయా?" అని దేశం పేరు చెప్పాను.

ఆ అమ్మాయి ముఖంలో రంగు పోయింది. "మీరే కదమ్మా దుబాయ్ అన్నారు. నేను అదే కొట్టాను."

"మా దిక్కు అన్నీ దుబాయే బిడ్డా."

"కంప్యూటర్లో కాదు పెద్దమ్మా."

కిటికీ దగ్గర వరుసలో నిలబడ్డ ఒక మనిషి, "మాది సుత జర చూడు మేడం, మా అవ్వ గూడ దుబాయే అని ఉంటది," అన్నాడు. ఎవరో నవ్వారు. మరుక్షణం ఆ నవ్వు ఆగిపోయింది. వరుసలో ఉన్నవాళ్లు తమ చిట్టీలు తీసి అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నారు. చదవరానివాళ్లు పక్కవాళ్లకు చూపిస్తున్నారు.

నేను మరదలి పక్కన కూర్చున్నాను. "లేడంటే దుబాయ్‌ల లేడని, పిల్లా. బతికే ఉన్నడు. తప్పు దేశంల అడిగిన్రు." ఎన్నిసార్లు చెప్పానో. వింది, తల ఊపింది. కానీ ఆ మాట ఆమె లోపలికి పోయి కూర్చుంది. ఇంటికొచ్చాక కొత్త గాజులు వేసుకోమంటే, "మాట బయటికొచ్చింది వదినె," అంది. వేసుకోలేదు.

మూసిన ఫైలు తెరవడానికి వీల్లేదట. కొత్తది పెట్టాలి, వరుసలో అందరికన్నా వెనక. ఒకే మనిషి పేరు మీద రెండు ఫైళ్లుంటే మోసమేమోనని పైవాళ్లు ఆపుతారు కాబట్టి పాతదాన్ని రద్దు చేయించాలి. రద్దు చేసే ఆఫీసరు కుర్చీ ఖాళీగా ఉంది. కొత్తాయన వచ్చేదాకా ఆగాలి. ఆ అమ్మాయి చెడ్డది కాదు. ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి, ముద్ద నోట్లో పెట్టుకుంటూనే నాతో మాట్లాడింది.

"మీ తమ్ముడిని అక్కడ ఉంచుకుంటే వాళ్లకే ఖర్చు పెద్దమ్మా. తిండి, కాపలా, మందులు. విమానం టికెట్టు ఎంత, ఇన్ని నెలల తిండి ఎంత? పంపడమే అగ్గువ. అయినా పంపరు."

"ఎందుకు?"

"టికెట్టు ఖర్చు ఒకరి సంతకంతో పోతుంది. తిండి ఖర్చుకు ఎవరి సంతకమూ అక్కర్లేదు, అదే పోతుంటుంది. ఇక్కడా అంతే. ఇంకో నలుగురిని పెడితే ఈ పని నెలలో తేలుతుంది. జీతాలకు మంజూరు లేదు."

"కుప్పలు తగ్గినయి గదా," అన్నాను. కుర్చీల మీద కట్టలు అప్పుడు కనబడలేదు.

"కంప్యూటర్లోకి ఎక్కించాం. అందులోనూ కుప్పలే. మీకు కనిపించవు, అంతే."

కట్ట కనబడితే ఎంత ఎత్తుందో తెలుస్తుంది, మనది ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు. ఇప్పుడు చూపించడానికి ఏమీ లేదు. ఖాళీ బల్ల, నీలం తెర.

ఔట్‌పాస్ వచ్చింది, జరిమానా కూడా మాఫీ అయింది. ఎట్లా వచ్చిందో, ఎవరు కదిపితే వచ్చిందో నాకు తెలియదు. ఒక శుక్రవారం తమ్ముడే చెప్పాడు, "పంపేటోళ్లల్ల నా పేరు పిలిచిన్రక్కా," అని. సంతోషం లేదు గొంతులో. చుట్టూ పిలవనివాళ్లున్నారు మరి.

శంషాబాద్ విమానాశ్రయంలో చక్రాల కుర్చీలో బయటికి తెచ్చారు. నేను పోల్చుకోలేకపోయాను. మరదలే ముందు చూసింది. చూసి, దగ్గరికి పోకుండా కొంచెం దూరంలో ఆగిపోయింది. తర్వాత మెల్లగా పోయి వాడి భుజం ముట్టింది, చెంప ముట్టింది, చెవి పట్టి చూసింది.

"ఏందే, గొర్రెను బేరం జేసినట్టు చూస్తవ్? పండ్లు గూడ చూడు," అన్నాడు వాడు.

ఆమె నవ్వలేదు. కాలికి ప్లాస్టిక్ కవరు కట్టి ఉంది. ఆటోలో దాని వాసనకు డ్రైవరు రెండు వైపులా తెరలు పైకి కట్టేశాడు.

మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూశాడు. "మొదట్లో తెస్తే వేలుతో పోయేది," అన్నాడు. మోకాలి పైదాకా కాలు తీసేశారు. ఆ మధ్యాహ్నం మరదలు దవాఖాన మెట్ల మీద కూర్చొని, "వదినె, లేడన్నరు గద. సగం నిజమే చేసిన్రు," అంది.

తమ్ముడు ఇంటికొచ్చాడు. గడప దగ్గర మంచం వేయించుకున్నాడు. ఊరివాళ్లు వచ్చి దుబాయ్ సంగతులు అడిగితే కళ్లు మూసుకునేవాడు.

వచ్చిన తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. తమ్ముడి ముఖం మారిపోయింది.

"ఎత్తకక్కా."

"ఎందుకురా? నిన్ను వీపు మీద మోసినోడు."

"గందుకే ఎత్తకు. ఏం జెప్తవ్?"

ఎత్తాను. తిరుమలగిరాయనే. ముందు తన సంగతి అడగలేదు. "తమ్ముడు నడుస్తుండా అక్కా?" అన్నాడు. కాలు తీసేశారని చెప్పాను. వెనక ఎవరో గట్టిగా పేర్లు పిలుస్తున్నారు, ఆయన ఊపిరి బిగబట్టి వింటున్నాడని నాకర్థమైంది. పిలుపులు ఆగిపోయాయి.

"నాది కాదు," అన్నాడు. తర్వాత, "మా ఇంటోళ్లు గూడ దుబాయే అని చెప్పిన్రేమో, జర చూస్తవా అక్కా?" అన్నాడు.

పట్నం పోయాను. ఆ అమ్మాయి లేదు, బదిలీ అయిందట. ఆమె కుర్చీలో ఉన్న కొత్తాయన, మీరు ఆయనకేమవుతారు అన్నాడు. ఏమీ కానన్నాను. రక్తసంబంధం లేనివాళ్లకు చెప్పడానికి వీల్లేదన్నాడు. దేశం పేరొక్కటి చూసి చెప్పు బిడ్డా, సరిగ్గా ఉందా లేదా అంతే అన్నాను. వీల్లేదన్నాడు. తర్వాతి శుక్రవారం ఆయనకు అదే చెప్పాను. "సరే అక్కా. ఫికర్ జేయకు," అన్నాడు. ఫికర్ చేయకని ఆయన నాకు చెప్పాడు.

ఇంకొన్ని వారాలు చేశాడు. దగ్గు మొదలైందన్నాడు. తర్వాత ఫోన్ రాలేదు. వాళ్లు ఫోన్ చేసే నంబరుకు మనం చేస్తే మోగదు.

పేరు పిలిచి ఉండొచ్చు. విమానం ఎక్కి ఉండొచ్చు, ఇంటికొచ్చి మగ్గం దగ్గరో టీ కొట్టు దగ్గరో కూర్చొని ఉండొచ్చు, మా నంబరు పోగొట్టుకొని ఉండొచ్చు. తిరుమలగిరి మరీ దూరమేం కాదు. దేవరకొండ మీదుగా బస్సులు మారితే ఒక్కరోజు పని. ఊళ్లో దిగి సాలోళ్ల వాడ ఎక్కడ, దుబాయ్ పోయినాయన ఇల్లు ఎక్కడ అని అడిగితే చూపిస్తారు. తలుపు కొడితే ఆయనే తీయవచ్చు.

"పోయి చూసి వస్త తమ్మీ," అని రెండుసార్లు బయల్దేరాను. రెండుసార్లూ తమ్ముడు మంచం మీద నుంచి చెయ్యి పట్టుకున్నాడు. నేనూ విడిపించుకోలేదు. శుక్రవారం మధ్యాహ్నం అయితే మరదలు నా ఫోన్‌ను చార్జింగుకు పెట్టి, వైరు గట్టిగా ఉందో లేదో వేలితో నొక్కి చూస్తుంది.